చార్మినార్ దారిలో పొద్దుటి టిఫిను: నహారీయా, కిచిడీ–ఖీమానా, బండి దోశా?

నయాపూల్ దగ్గర దిగి మదీనా సర్కిల్, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్‌కు నడిస్తే సుమారు కిలోమీటరు. హైదరాబాదు పాతబస్తీలో పొద్దుటి తిండికి పేరున్నవన్నీ ఆ ఒక్క దారి మీదో, దాన్ని ఆనుకున్న సందుల్లోనో ఉన్నాయి. నయాపూల్ వైపు నయాబ్ హోటల్, మదీనా సర్కిల్ దాటి ఘాన్సీ బజార్ వైపు షాదాబ్ హోటల్, గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోశ బండి, చార్మినార్ కింద నిమ్రా చాయ్. "వీటిలో ఏది బాగుంటుంది?" అని అందరూ అడుగుతారు. ఎన్నింటికి వెళ్తున్నారో చెబితే ఏం తినాలో చెప్పొచ్చు. ఇక్కడ ఒక్కో వంటకానికీ ఒక వేళ ఉంది. అది దాటాక ఎంత పేరున్న చోటైనా ప్లేటులో ఆ రుచి ఉండదు.

ఆరున్నరకు చేరగలిగితే నహారీ. ఎనిమిది, తొమ్మిది మధ్య అయితే కిచిడీ–ఖీమా–ఖట్టా. శాకాహారులైతే, లేదా పిల్లలతో తీరిగ్గా బయల్దేరితే బండి దోశ. మొదటిసారి వచ్చేవాళ్లు ఒక్కటే తినగలమంటే మాత్రం ఏమాత్రం సందేహం లేకుండా కిచిడీయే.

నహారీ: గిన్నె అడుగుకు చేరకముందే

నహార్ అంటే అరబీలో పగలు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికి, తెల్లారేసరికి తయారయ్యే పులుసు ఇది. ఢిల్లీ నహారీ తిన్నవాళ్లు ఇక్కడి గిన్నె చూసి మొదట నిరాశపడతారు. అక్కడ గోధుమపిండి కలిపి చిక్కగా చేస్తారు, ఇక్కడ పలచగా చారులా ఉంటుంది. ఇక్కడి పులుసుకు బలం పిండి వల్ల రాదు, పాయా వల్ల వస్తుంది. మేక కాళ్లు గంటల తరబడి ఉడికితే ఎముకల చుట్టూ ఉన్న జిగురంతా నీళ్లలోకి దిగుతుంది. రెండు చెంచాలు తాగాక పెదాలు ఒకదానికొకటి కాస్త అతుక్కుంటే పులుసు సరిగ్గా ఉడికినట్టు. అతుక్కోకపోతే ఉడుకు చాలలేదు, లేదా గిన్నెలో నీళ్లు పడ్డాయి.

పులుసుకు వచ్చే వాసన పోట్లీ మసాలాది. రాతిపువ్వు, వట్టివేరు, గులాబీ రేకులు, చందనం, తమలపాకు వేరు లాంటివి గుడ్డలో మూటకట్టి పులుసులో వేలాడేస్తారు. మసాలా పొడి నేరుగా కలపరు కాబట్టి పులుసు మట్టిరంగుకు తిరగదు, గొంతులో గరగర ఉండదు.

చెడేదీ రెండు కారణాల వల్లే. మొదటిది పొద్దెక్కడం. జనం పెరిగేకొద్దీ గిన్నెలో వేడినీళ్లు పోసి సాగదీసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఏడున్నర దాటాక వచ్చే గిన్నెలో ఉప్పూ కారమూ ఉంటాయి, జిగురు ఉండదు. రెండోది మనం చేసే ఆలస్యం. జిగురు, కొవ్వు చల్లారితే గడ్డకట్టడం మొదలుపెడతాయి. ఫోటోలు తీసుకుంటూ పది నిమిషాలు పోగొడితే పైన తెల్లటి పొర కడుతుంది, అంగిలికి మైనంలా పడుతుంది. గిన్నె బల్ల మీదకు రాగానే నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి మొదలుపెట్టాలి.

అడిగే పద్ధతి కూడా చెప్పుకోవాలి. నహారీలో చాలాచోట్ల పాయాతో పాటు జబాన్, అంటే నాలుక ముక్కలు ఉంటాయి. వద్దనుకుంటే "జబాన్ నక్కో భాయ్, ఖాలీ పాయా" అంటే చాలు. పైన తేలే ఎర్రటి నూనెను తరీ అంటారు. పొద్దున్నే అంత నూనె కడుపుకు పడదనుకుంటే "తరీ కమ్" అనాలి. పూర్తిగా తీసేయించకండి, మసాలా వాసనలో సగం అందులోనే ఉంటుంది. ఒక మనిషికి ఒక గిన్నె, రెండు రొట్టెలు. ఇద్దరు ఒక్క గిన్నెతో సరిపెట్టుకుందామంటే ఎముకల దగ్గర పేచీ వస్తుంది.

రొట్టె సంగతి వేరుగా చెప్పాలి. పాత జంట పేరు నహారీ–కుల్చా. మొదటి నిజాంకు ఒక సూఫీ ఫకీరు కుల్చాలు పెడితే ఏడు తిన్నాడనీ, అందుకే ఆయన ఆసఫ్ జాహీ వంశం వాళ్లు ఏడు తరాలు ఏలారనీ ఊళ్లో కథ ఉంది. ఆసఫ్ జాహీ జెండా మీది గుండ్రటి బొమ్మ కూడా కుల్చాయేనంటారు. కానీ ఈ పలచని పులుసుకు ఎక్కువగా కుదిరేది చార్ కోనీ నాన్, నాలుగు మూలలున్న రొట్టె. పురానీ హవేలీ వైపు మున్షీ నాన్ దుకాణం 1851 నుంచీ దీనికి పేరు. నిజాం కొలువులో మున్షీగా, అంటే రాతపని చూసే ఉద్యోగిగా ఉన్నాయన పెట్టిన భట్టీ (రొట్టెలు కాల్చే పొయ్యి) కనుక ఆ పేరు. పాతబస్తీ మెట్రో కోసం ఆ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దుకాణాలు అటూ ఇటూ అవుతున్నాయి. బయల్దేరేముందు ఒకసారి కనుక్కుని వెళ్లడం మంచిది.

నాన్ మధ్యభాగం మందంగా, స్పంజిలా ఉంటుంది. దాన్ని తుంచి పులుసులో ముంచి పట్టుకుంటే విడిపోకుండా పీల్చుకుంటుంది. మూలలు గట్టిగా, కరకరలాడతాయి. వాటిని చివర్లో గిన్నె తుడవడానికి ఉంచుకోవాలి. రుమాలీ రోటీ ఇక్కడ దండగ, ముంచగానే గుడ్డపీలికలా వేలాడుతుంది. షీర్మాల్ తియ్యగా ఉంటుంది. పాయాతో కొందరికి నచ్చుతుంది గానీ కిచిడీ దగ్గర ఖట్టాతో అస్సలు పొసగదు. నాన్ ఇంటికి తీసుకెళ్తే గంటలో తోలులా అవుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా సాగుతుంది. వేళ్లతో నీళ్లు చిలకరించి, బాగా కాలిన పెనం మీద రెండు వైపులా అర నిమిషం చొప్పున వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది.

కిచిడీ–ఖీమా–ఖట్టా: మూడూ విడివిడిగా

కిచిడీ అంటే మనకు జ్వరం తిండి గుర్తొస్తుంది. ఇది అది కాదు. బియ్యం, మైసూరుపప్పు, పసుపు వేసి పొడిపొడిగా వండుతారు. మెతుకు మెతుకూ విడిగా ఉండాలి, పప్పు గింజ చితకకుండా కనిపించాలి. పక్కన ఖీమా, ఒక గిన్నెలో ఖట్టా, పైన అప్పడం. ఖట్టా అంటే వేయించి నూరిన నువ్వులు, చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన తాలింపు. మన పచ్చిపులుసుకు దగ్గరి చుట్టమే. తెలంగాణలో నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు తిన్న నాలుకకు మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం చల్లటి పులుపు, వేడి మాంసం ఒకే ముద్దలో ఎలా కుదిరాయన్నది వింత.

తినడంలో అందరూ చేసే పొరపాటు ఒక్కటే, గిన్నెడు ఖట్టా ఒకేసారి అన్నం మీద గుమ్మరించడం. రెండు నిమిషాల్లో కిచిడీ బురదవుతుంది, ఖీమా రుచి పులుపులో మునిగిపోతుంది. ఆర్డరిచ్చేటప్పుడే "ఖట్టా అలగ్ దేవ్ భాయ్" అనండి. నాలుగు వేళ్లకు అందేంత కిచిడీ లాక్కుని, దాని మీద చెంచాడు ఖీమా, రెండు చెంచాల ఖట్టా. కలిపీ కలపనట్టు కలిపి, అప్పడం ముక్క విరిచి నంజుకోవాలి. గిన్నె అడుగున నువ్వులు పేరుకుంటాయి కాబట్టి ప్రతిసారీ చెంచాతో అడుగు నుంచి కలిపి పోసుకోవాలి. పైనున్న నీళ్లే పోసుకుంటే చింతపండు తప్ప ఏమీ తెలియదు.

మంచి ఖీమాను గుర్తుపట్టడానికి ప్లేటు కొంచెం వంచితే చాలు. అంచుకు నూనె మాత్రం జారితే బాగా వేగినట్టు. పలచటి నీళ్లు కారితే మాంసంలోని తడి ఇంకకముందే దించేశారు, అల్లం వెల్లుల్లి పచ్చివాసన కూడా ఉంటుంది.

మూడింటిలో దీనికే ఓటు వేయడానికి కారణం ఉంది. ఇది ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. ఎనిమిదికి వెళ్లినా, తొమ్మిదిన్నరకు వెళ్లినా పెద్ద తేడా రాదు. అన్నం దమ్ మీద ఉంటుంది, ఖీమా ఎన్నిసార్లు వేడెక్కితే అంత దగ్గరపడుతుంది, ఖట్టా ఎలాగూ చల్లటిదే. పైగా ఒక ప్లేటు ఇద్దరు పంచుకోవచ్చు. పక్కన ఒక భేజా ఫ్రై, అంటే మెదడు వేపుడు, చెప్పుకుంటే నలుగురికి రెండు ప్లేట్ల కిచిడీ సరిపోతుంది. భేజా ఫ్రై విషయంలో ఒక్కటే జాగ్రత్త: అంచులు ఎర్రబడేదాకా వేగాలి. మెత్తగా, తెల్లగా వస్తే మళ్లీ పెనం మీద వేయమని అడగడానికి మొహమాటపడకండి.

బండి దోశ: నిలబడి, వేడిగా, అక్కడే

గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమాన్ల మధ్య, బంగారు నగల దుకాణాల షట్టర్లు ఇంకా తెరవని వేళ పెద్ద పెనం కాలుతుంటుంది. నీళ్లు చల్లి తుడవగానే చుయ్‌మంటుంది. గరిటెడు పిండి తిప్పి, దాని మీద వెన్న, ఉల్లిపాయ ముక్కలు, గరిటెడు ఉప్మా, కారప్పొడి. ఇవన్నీ దోశ మీదే మెదిపి అంచుల దాకా పూస్తారు. ఉప్మా దోశ అంటే మన కోస్తా వైపు పెసరట్టు–ఉప్మా తలపుకొస్తుంది గానీ అక్కడ ఉప్మా కడుపులో విడిగా ఉంటుంది. ఇక్కడ అది కారంతో, వెన్నతో కలిసి గుజ్జై దోశకే అంటుకుంటుంది. తవా ఇడ్లీ కూడా ఇదే దారి: వెన్న, కారప్పొడి వేసి పెనం మీద పొర్లించిన ఇడ్లీ.

ఈ గుజ్జులోని తడే దీనికి శత్రువు. చేతికి వచ్చిన మూడు నాలుగు నిమిషాల్లో తినకపోతే కరకర పోయి తడిగుడ్డలా మడతపడుతుంది. అందుకే పార్శిల్ దండగ, ఎవరు ఎంత చెప్పినా కట్టించుకోవద్దు. రద్దీ ఉన్నప్పుడు పెనం మీద ఒకేసారి ఎన్నో దోశలు పోస్తారు. మంట నడుమ ఉంటుంది కనుక మధ్యలోవి ఎర్రగా కాలుతాయి, అంచున పోసినవి తెల్లగా మిగులుతాయి. "కడక్ చేయండి, ఇంకాస్త ఆగుతాం" అని ముందే చెబితే మరో నిమిషం ఉంచుతారు. ఆదివారం పొద్దున తొమ్మిది దాటితే అరగంట నిలబడడానికి సిద్ధపడే రావాలి. మధ్యాహ్నానికి బండి సర్దేస్తారు.

ఇద్దరికి మూడు దోశలు ఎక్కువే. వెన్న అంత వేస్తారు. పిల్లలకు కారప్పొడి తగ్గించమనాలి, పోసేటప్పుడే, మెదిపాక కుదరదు. కిచిడీ హోటళ్లలో ఖట్టా, అప్పడంతో ఉత్త కిచిడీ తినొచ్చు గానీ గరిటెలు, వంటిల్లు ఒకటే. పట్టింపు ఉన్న శాకాహారులకు ఈ దారిలో నిశ్చింత ఈ బండి దగ్గరే.

చాయ్, రావడం, పోవడం

చాయ్ ఎక్కడ తాగినా చివర్లోనే తాగండి. పాయా జిగురు మీద, వెన్న మీద ఆ చేదు, తీపి కలిసి పడితేనే నోరు శుభ్రమవుతుంది. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ మూతపెట్టి దమ్ మీద ఒక గిన్నెలో, పాలు మరిగి చిక్కబడుతూ ఇంకో గిన్నెలో ఉంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. డికాక్షన్ ఎక్కువసేపు నిలవుంటే వగరెక్కుతుంది. కాబట్టి జనం తిరుగుతున్న కౌంటరు దగ్గర నిలబడడమే తెలివి, అక్కడ గిన్నె వెంట గిన్నె మారుతుంది. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అడగాలి. చార్మినార్ పక్కనే తెల్లవారకముందు తెరిచే నిమ్రాలో బిస్కట్లు అక్కడి భట్టీలోనే కాలుస్తారు. ఉప్పుతీపి ఉస్మానియా చాయ్‌లో రెండు సెకన్లు దాటి ఉంచితే కప్పు అడుక్కి పోతుంది. పొరలు పొరలుగా ఉండే ఫైన్ బిస్కట్ ఇంకాస్త ఓపిక పడుతుంది.

బండి వేసుకొస్తే ఏడులోపు రావాలి. దుకాణాలు తెరిచాక పార్కింగుకు తిరగడంలోనే ఆకలి చచ్చిపోతుంది. మెట్రోలో అయితే ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్ దాకా నడవడం, లేదా ఆటో. మొదటి మెట్రో ఆరు ప్రాంతంలో బయల్దేరుతుంది కాబట్టి మియాపూర్ నుంచి వచ్చేవాళ్లకు నహారీ వేళ దాదాపు దాటిపోతుంది. వాళ్లు కిచిడీకే సిద్ధపడితే బాధ ఉండదు. శుక్రవారం మక్కా మసీదు నమాజు జనం మధ్యాహ్నానికి పెరుగుతారు. పదకొండుకల్లా ముగించుకోండి. రంజాన్ నెలలో ఈ లెక్కంతా తారుమారు. హోటళ్లు పగలు మూసి ఇఫ్తార్‌కు తెరుస్తాయి, రాత్రంతా హలీం నడుస్తుంది. నహారీ తినాలంటే సహరీ వేళకే, అంటే ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామునే రావాలి.

ఉస్మానియా బిస్కట్లు ఇంటికి కట్టించుకుంటే, వేడిగా ఉన్నవాటిని డబ్బాలో పెట్టి మూత బిగించకండి. లోపల ఆవిరి పట్టి సాయంత్రానికి మెత్తబడతాయి. డబ్బా మూత తీసే ఉంచి, ఇల్లు చేరాక మూసేయండి.