సైదాపేట మిద్దె మీద గొడుగు: ఆరేళ్ల ఫ్రీ డిష్ అనుభవం

మా ఇంట్లో దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ టీవీ, అదే డీడీ ఫ్రీ డిష్, పెట్టి ఆరేళ్లు దాటింది. నెలనెలా డబ్బు కట్టే పని లేదన్న సంగతి అందరికీ తెలుసు. రోజూ వాడితే ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే రాస్తున్నా.

కొన్న రోజు బాగా గుర్తుంది. 2019 నవంబరు 22, శుక్రవారం. చెన్నైలో గిండి పారిశ్రామికవాడలోని ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాస్తాను. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీ రిటర్ను వెళ్లిపోతే మాకు ఊపిరి తిరుగుతుంది. ఆ రోజు స్టాకు లెక్క కూడా పైసాతో సహా పుస్తకంతో సరిపోయింది. నాలుగింటికే బయటపడి గిండిలో మెట్రో ఎక్కి గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగాను. అక్కణ్ణించి ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ నడిచిపోయేంత దూరమే. డిష్, సెట్‌టాప్ బాక్సు, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే ముక్క), వైరు అన్నీ కలిపి 1,650 రూపాయలు. బిగించినతనికి మర్నాడు ఇచ్చింది వేరు. ఇవాళ్టిదాకా చానళ్ల కోసం రూపాయి కట్టలేదు. ప్రైవేటు చానళ్లకు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వేలంలో స్లాట్లు అమ్ముతుంది, మన దగ్గర చందా తీసుకోదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైనప్పటి నుంచీ చందా లేదు.

అసలు కొన్నది అమ్మ కోసం. నాన్న పోయాక సూళ్లూరుపేట నుంచి నా దగ్గరికి వచ్చేసింది. కేబుల్ వాళ్ల బాక్సులో తెలుగు కోసం నంబర్లు వెతుక్కోలేక టీవీ కట్టేసి కూర్చునేది. ఆటోలో డిష్ ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఇడ్లీలు ఆవిరి మీదున్నాయి, శనగ్గింజల పచ్చడికి తాలింపు పడింది. అట్టపెట్టె చూసి "ఏందమ్మే ఇది, ఇంత గొడుగు తెచ్చినావు!" అంది. మా ఊళ్లో డిష్‌ని గొడుగనే అంటారు.

బిగించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఇక్కణ్ణించే పుడతాయి. ఈ చానళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15, భూమధ్యరేఖకు పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. చెన్నై నుంచి చూస్తే సరిగ్గా ఆగ్నేయం, ఆకాశంలో బాగా ఎత్తున. మిద్దెకు ఆగ్నేయ మూలన కొబ్బరి చెట్టో పక్కింటి నీళ్ల ట్యాంకో అడ్డం ఉంటే లాభం లేదు, ముందు అది చూసుకోండి. టీవీ తెర మీద రెండు గీతలు కనబడతాయి, ఒకటి సిగ్నల్ బలం, రెండోది క్వాలిటీ. బలం ఎనభై చూపిస్తున్నా క్వాలిటీ సున్నా ఉంటే డిష్ ఇంకో ఉపగ్రహాన్ని చూస్తోందనో, అసలు దేన్నీ చూడట్లేదనో అర్థం. మా బిగించే తమ్ముడు చిత్తూరు అబ్బాయి. నట్టు పూర్తిగా బిగించకుండా వేలితో ఇంత, గోరంత, జరుపుతూ పోయాడు. కింద నుంచి నేను ఫోనులో అంకెలు చెబుతున్నా. పన్నెండు, సున్నా, ముప్ఫై, మళ్లీ సున్నా. అరవై రెండు దగ్గర "ఆగన్నా!" అని అరిచేసి, తర్వాత తమ్ముడు కదా అని గుర్తొచ్చింది. అమ్మ వెనక నుంచి నవ్వుతూ "మీ నాయన కూడా ఇట్లనే తిప్పేవాడు" అంది.

నాన్న తిప్పింది మద్రాసు వైపు. సూళ్లూరుపేట ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. ఎనభైల చివర్లో మాకు హైదరాబాదు దొరికేది కాదు, పొడవాటి ఇనప గొట్టానికి యాంటెన్నా కట్టి మద్రాసు దూరదర్శన్ పట్టేవాళ్లం. శుక్రవారం రాత్రి ఒలియుం ఒలియుం అనే తమిళ సినిమా పాటల కార్యక్రమం కోసం వీధిలో సగం మంది మా వరండాలో ఉండేవాళ్లు. తమిళం ముక్క రాదు, పాటలు మాత్రం అందరికీ వచ్చు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట పక్కనే పుట్టిన మాకు ఇప్పుడు టీవీ చూపిస్తున్న జీశాట్-15 మాత్రం మా ఊరి నుంచి ఎగరలేదు. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మోసుకెళ్లింది. బరువు 3,164 కిలోలు, అప్పటి మన రాకెట్లకు అది మోయలేని బరువు. ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ కాస్త నొచ్చుకుంది.

కొన్న నాలుగు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. 2020 మార్చి 28 నుంచి డీడీ నేషనల్‌లో రామానంద్ సాగర్ రామాయణం పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మళ్లీ వేశారు. డీడీ భారతిలో బి.ఆర్. చోప్రా మహాభారతం. అమ్మకు హిందీ రాదు. అయినా తెర మీద మాట పూర్తికాకముందే తెలుగులో తనే చెప్పేసేది. కైకేయి వరాలు అడిగిన రోజు అన్నం కంచం ముందు పెట్టుకుని ముద్ద నోట్లో పెట్టలేదు. కథ తెలియక కాదు, 1987లో మొదటిసారి చూసినప్పుడు పక్కన నాన్న ఉన్నాడు. ఆ రాత్రి అన్నాలు చల్లారిపోయాయి, మజ్జిగ పోసుకుని తిన్నాం.

ఇక మంచీ చెడూ.

వాన పడితే బొమ్మ పోతుంది. ఇది కేయూ బ్యాండ్ ప్రసారం, జోరువాన చినుకులు ఆ తరంగాలను పీల్చేస్తాయి. మామూలు జల్లుకు ఏమీ కాదు, కుండపోతకు మాత్రం పది నిమిషాలో అరగంటో ఆగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఉన్నవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు కరెంటు వచ్చాక చూస్తే డిష్ పక్కకు తిరిగిపోయి ఉంది. అంతకు ముందే గొట్టానికీ క్లాంపుకీ కలిపి ఎర్ర పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకున్నా. ఆ గీతలు రెండూ కలిసేదాకా తిప్పితే చాలు, సిగ్నల్ వచ్చేసింది. మనిషిని పిలవక్కర్లేకపోయింది. మీరు కూడా బిగించిన రోజే ఆ గీత గీయించండి.

సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. ఆరేళ్లలో రెండుసార్లు మార్చాను. వైరు ఎల్‌ఎన్‌బీలోకి వెళ్లే చోట కిందికి ఒక వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి పోవు. అడాప్టరు ఒకసారి కాలిపోయింది. మొదట కొన్న బాక్సు పాత ఎంపెగ్-2 రకం, కొన్ని చానళ్లు అందులో రావు. 2021లో ఎంపెగ్-4 బాక్సుకు మారాను. కొత్తగా కొనేవాళ్లు మొదటే అది అడిగి తీసుకోండి.

వేలాలు అయినప్పుడల్లా చానళ్లు వస్తుంటాయి, పోతుంటాయి, నంబర్లు మారతాయి. మళ్లీ స్కాన్ చేయాలి. అమ్మకు ఇది పెద్ద చిరాకు, నాకు కూడా. ఒక కాగితం మీద దూరదర్శన్ తెలుగు చానళ్లు సప్తగిరి, యాదగిరి నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించాను, మారినప్పుడల్లా కొట్టేసి రాస్తాను. కొత్త తెలుగు సీరియళ్లు, కొత్త సినిమాలు కావాలంటే మాత్రం ఇది కొనకండి, నిరాశ పడతారు. తెలుగు వార్తలు, పాత పాటలు, హరికథ, నాటికలు, పొలం కబుర్లు చాలనుకునే పెద్దవాళ్లకు ఇది సరిపోతుంది.

ఎవరూ పెద్దగా చెప్పని లాభం ఇంకోటుంది. ఇందులో ఆకాశవాణి రేడియోలు కూడా వస్తాయి, తెలుగు ఆకాశవాణితో సహా. మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మ టీవీలో రేడియో పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తుంది. గరగర లేని తెలుగు రేడియో చెన్నైలో ఇంట్లో కూర్చుని వినగలగడం నాకు ఈ 1,650 రూపాయల్లో దొరికిన అతి మంచి వస్తువు.

నెలకు ఒక శుక్రవారం మాకు ఇప్పటికీ అలాగే గడుస్తుంది. 20వ తేదీ దాటాక వచ్చే శుక్రవారం తొందరగా వచ్చేస్తాను. సైదాపేట స్టేషను దగ్గర బజారులో కూరగాయలు, మల్లెపూలు కొంటాను. ఎనిమిదికల్లా తినేసి, లైటు తీసేసి, ఏ పాత పాటల కార్యక్రమం వస్తే అది చూస్తాం. ముందుకు జరపడం, ఆపి పెట్టడం ఉండదు. ప్రకటనలు వచ్చినప్పుడు అమ్మ లేచి పాలు కాస్తుంది.

రెండు రోజులుగా క్వాలిటీ నలభై దాటట్లేదు, కనెక్టరు మళ్లీ తుప్పు పట్టినట్టుంది. ఈ శుక్రవారం రిచీ స్ట్రీట్ వెళ్లాలి. రిమోట్‌కి బ్యాటరీలు కూడా తెమ్మంది అమ్మ.