ఆ నోటుబుక్కులో మూడో గడి: రెండేళ్ల ట్యూషన్ గురించి ఒక తల్లి మాట

మా పాప ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ, అంటే 2023 జూన్ నుంచి 2025 మే దాకా, తిరుపతి బైరాగిపట్టెడలో ఒక సార్ దగ్గర ట్యూషన్‌కి వెళ్లింది. సార్ పేరు ఇక్కడ రాయను. పెద్ద సంస్థ కాదు. మేడ మీద ఒక గది, ఒక బోర్డు, మ్యాథ్స్, ఫిజిక్స్ మాత్రమే. పాఠం ఎలా చెబుతారు, మెటీరియల్ ఏమిస్తారు లాంటివి ఎవరైనా మొదటి రోజే అడిగి తెలుసుకుంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది తప్పుల నోటుబుక్కు గురించి.

ప్రతి ఆదివారం పొద్దున టెస్టు ఉంటుంది. మధ్యాహ్నం భోంచేశాక, తప్పుపోయిన ప్రతి ప్రశ్ననూ ఒక లాంగ్ నోటుబుక్కులో ఎక్కించాలి. పేజీని నిలువుగా నాలుగు గళ్లు గీస్తారు. మొదటి గడిలో ప్రశ్న నంబరు, రెండో దాంట్లో తను చేసింది, నాలుగో దాంట్లో సరైన పద్ధతి. మూడో గడిలో మాత్రం ఒకే ఒక్క మాట రాయాలి. తెలీదు, తొందర, చదవలేదు, వదిలేశా. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. 'చదవలేదు' అంటే పాఠం చదవలేదని కాదు, ప్రశ్నను సరిగ్గా చదవలేదని. 'సిల్లీ మిస్టేక్' అని రాస్తే సార్ కొట్టేసి మళ్లీ రాయిస్తారు. అలా రాస్తే ఏం సరిచేసుకోవాలో తెలియదు అంటారు ఆయన.

నేను టెన్త్ దాకా చదివాను. ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. పాప ఎక్కడ వెనకబడిందో మాకు తెలిసే దారే ఉండేది కాదు. కాలేజీ నుంచి ఫోనుకు మార్కులు వచ్చేవి. ఎక్కువొస్తే సంతోషపడటం, తక్కువొస్తే కోప్పడటం తప్ప ఏం చేయగలం? ఈ నోటుబుక్కు వచ్చాక నాకూ ఒక దారి దొరికింది. నాకు ఫిజిక్స్ రాదు గానీ మూడో గడి చదవడం వచ్చు. ఆదివారం రాత్రి హుక్కులు కుట్టుకుంటూ పక్కన నోటుబుక్కు పెట్టుకుని లెక్కపెట్టేదాన్ని. ఈ వారం తెలీదు తొమ్మిది, తొందర ఆరు, చదవలేదు రెండు. వరసగా రెండు వారాలు 'తెలీదు'లన్నీ ఒకే పాఠంలో కనిపిస్తే సార్‌ని అడిగేదాన్ని. అలా ఒకసారి రొటేషనల్ మోషన్ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాం. పిల్ల చదువులో నేనూ ఒక చెయ్యి వేయగలిగానన్న తృప్తి నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఆ నోటుబుక్కు విలువ పూర్తిగా తెలిసింది 2025 ఫిబ్రవరిలో. అప్పటికి జనవరిలో జేఈఈ మెయిన్, అంటే ఎన్‌ఐటీల్లాంటి ఇంజినీరింగ్ కాలేజీల కోసం దేశమంతా రాసే ప్రవేశ పరీక్ష, ఒక విడత రాసేసింది. అంతకుముందు ఆగస్టు నుంచే ఆదివారం టెస్టులన్నీ ఆ పద్ధతిలోనే పెట్టారు. 75 ప్రశ్నలు, మూడు గంటలు, సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పైతే ఒక మార్కు కోత. కెమిస్ట్రీ ప్రశ్నలు పాత పేపర్ల నుంచి తీసి కలిపేవారు. అనుమానముంటే ముట్టుకోవద్దు అని ప్రతి వారం చెప్పేవారు.

ఫిబ్రవరిలో మొదటిసారి ఈఏపీసెట్, అంటే మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష, మాక్ టెస్టు పూర్తిగా పెట్టారు. 160 ప్రశ్నలు, అవే మూడు గంటలు. ఆ రాత్రి మూడో గడిలో 'వదిలేశా' లెక్కపెడితే 34 వచ్చాయి. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టాను. అంతే.

"ఇన్ని ఎందుకు వదిలేశావే?" అన్నాను.

"తప్పైతే మార్కు పోతుంది కదమ్మా."

ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు. మా దగ్గర కుట్టించుకునే ఒకామె కొడుకు ముందు ఏడాది రాశాడు, ఆమె చెప్పగా నాకు తెలుసు. పాపకీ తెలుసు. ఆ మాటే అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తెలుసమ్మా, కానీ చెయ్యి రాలేదు" అని ఏడ్చేసింది. ఆరు నెలలు వదిలేయడానికి అలవాటు పడిన చెయ్యి ఒక్క పొద్దులో ఎలా మారుతుంది?

సోమవారం ట్యూషన్ మొదలుకాక ముందే నోటుబుక్కు తీసుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పి, "ఇది నా తప్పమ్మా. మైనస్ లేదని బోర్డు మీద రాశాను, అంతటితో అయిపోయిందనుకున్నాను" అన్నారు. పిల్లల చదువు గురించి అడగడానికి నేను చాలామంది దగ్గరికి వెళ్లాను. నా తప్పు అన్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

ఆయన పాపను కూర్చోబెట్టి, ఆ 34లో చదివి వదిలేసినవి ఏవి, అసలు చూడనివి ఏవి అని గుర్తు పెట్టించారు. చదివి వదిలేసినవి 13. మిగతా 21 కెమిస్ట్రీలో చివరివి, వాటి దాకా పోనే లేదు. అంటే ఒకే మాట వెనక రెండు వేరువేరు కారణాలు ఉన్నాయి. ఒకటి భయం, ఒకటి నడక. జేఈఈ మెయిన్‌లో ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాల పైనే దొరుకుతుంది. ఈఏపీసెట్‌లో నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు, అంతే. పాప మొదట మ్యాథ్స్ 80 ప్రశ్నలు పట్టుకుని, పాత నడకతోనే రెండు గంటలు దాటించేసింది.

ఆ రోజు నుంచి వరస మార్చారు. కెమిస్ట్రీ 40 ముందు, అరగంటలో. ఫిజిక్స్ 40కి ముప్పావుగంట. తర్వాత మ్యాథ్స్‌కి 95 నిమిషాలు. చివరి పది నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టాల్సిందే, ఒక్కటీ ఖాళీగా ఉండకూడదు. రెండు ఆప్షన్లు కావని తేలితే మిగతా రెండింట్లో ఒకటి పెట్టు, ఏమీ తెలియకపోయినా పెట్టు, 34 ఖాళీలకు ఊరికే పెట్టినా ఎనిమిదో తొమ్మిదో తగలొచ్చు అని లెక్క కట్టి చూపించారు. మూడో గడిలో 'వదిలేశా' తీసేసి, 'భయం', 'టైం' అని రెండు కొత్త మాటలు చేర్చారు. బ్యాచ్ మొత్తానికీ అదే పద్ధతి పెట్టారు.

తర్వాతి మాక్‌లో ఆ రెండూ కలిపి 19. ఆ తర్వాత 11. మార్చిలో ఇంటర్ పరీక్షల వల్ల ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు 14కి పెరిగింది, నాకు గుండె జారింది. మే రెండో వారానికి సున్నా. పరీక్ష రాసి బయటికి రాగానే పాప అన్న మొదటి మాట, "160 పెట్టేశానమ్మా."

ఇంతవరకూ చెప్పింది నిజమే గానీ, రెండేళ్లలో నేను ఈ నోటుబుక్కు గురించి పదిమందికి చెప్పిన మాటల్లో కొన్ని ఇప్పుడు అలాగే చెప్పలేను.

సార్ ప్రతి నోటుబుక్కూ స్వయంగా చూస్తారని చెప్పేదాన్ని. మొదటి ఏడాది చూశారు, అప్పుడు ఆరుగురే. రెండో ఏడాది పదిహేడు మంది అయ్యారు. దసరా తర్వాత చాలా వారాలు ఉత్త టిక్కు మాత్రమే ఉంది. ఫిబ్రవరిలో ఆ 34 నా కంటపడింది గానీ ఆయన కంటపడలేదు. ఆ వారం నేను చూడకపోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడో గడిలో పిల్లలు ఎప్పుడూ నిజమే రాస్తారన్న నమ్మకం కూడా పోయింది. మొదటి ఏడాది చివర్లో 'తెలీదు'లు తగ్గి 'తొందర'లు పెరిగాయి. బాగా చదువుతోందని మురిసిపోయాను. అసలు సంగతేమిటంటే, 'తెలీదు' కనిపించినప్పుడల్లా నేను గొంతు పెంచుతున్నాను, 'తొందర'కు ఏమీ అనడం లేదు. అందుకని తెలియనివి కూడా తొందర కింద వేసింది. ఇది పట్టుకున్నది సార్. "నోటుబుక్కు చూడండమ్మా, కానీ పాపను ఏమీ అనొద్దు" అన్నారు. ఈ పద్ధతి ఇంట్లో మొదలుపెట్టాలనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్కటీ గుర్తుంచుకోవాలి.

ఇంకా ఉన్నాయి. ట్యూషన్‌లో టెస్టులన్నీ కాగితం మీద, అసలు పరీక్ష కంప్యూటర్ మీద. జనవరి జేఈఈలో స్క్రీన్ మీది అంకెలు రఫ్ కాగితం మీదికి తప్పుగా దించుకుని రెండు లెక్కలు పోగొట్టుకుంది. జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టులు ఉచితంగా ఉంటాయని మాకు ఆ తర్వాతే తెలిసింది, నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి చేయించాం. సార్ ఆ మాట ముందే చెప్పాల్సింది. కెమిస్ట్రీ పాప తెలుగు అకాడమీ పుస్తకాలు పెట్టుకుని సొంతంగానే చదువుకుంది. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులది. పేజీల కొద్దీ జవాబులు రాసే ఆ పరీక్షకు ఈ నోటుబుక్కు పెద్దగా పనికిరాలేదు.

ర్యాంకు చెప్పొద్దని పాప అంది. ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో సీటు కావాలనుకుంది, రాలేదు. తిరుపతి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈసీఈ వచ్చింది. ఆ 34 ఖాళీలతోనే పరీక్షకు వెళ్లి ఉంటే ఇది కూడా వచ్చేది కాదని నా నమ్మకం.

అందరికీ ఇది సరిపోతుందని మాత్రం చెప్పలేను. మా ఇంటి నుంచి ట్యూషన్‌కి నడిచి పది నిమిషాలు. సాయంత్రం ఎనిమిదిన్నరకు వదిలితే నేనే వెళ్లి తీసుకొచ్చేదాన్ని. చంద్రగిరి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మూడు నెలలకే మానేసింది. నెలకు 2,500 మేము కట్టగలిగాం. నేను ఇంట్లో ఉండి పని చేసుకుంటాను కాబట్టి ఆదివారం రాత్రి గంటసేపు నోటుబుక్కుతో కూర్చోగలిగాను. హాస్టల్లో ఉండే పిల్లలకు అలా కూర్చునేవాళ్లు ఎవరుంటారో నాకు తెలియదు.

మావాడు ఇప్పుడు టెన్త్. వచ్చే జూన్‌లో వాణ్నీ అక్కడికే పంపాలని మా ఆయన అంటున్నాడు. నేనింకా సరేననలేదు. ముందు వెళ్లి బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారో అడుగుతాను. పదిమంది లోపైతే చేరుస్తాం. ఎక్కువుంటే, ఆదివారం టెస్టులకు మాత్రం పంపి, నోటుబుక్కు ఇంట్లో నేనే గీయిస్తాను. అక్క దగ్గరుండి చూస్తానంది.