తుప్పు పట్టిన పాత కారుకు టింకరింగ్ చేయిస్తున్నారా? పెయింటు కొట్టకముందే రేకు చూడండి

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పాత కార్లు పెట్టుకున్నవాళ్లకు, కొనాలని చూస్తున్నవాళ్లకు ఈ సంగతి తెలియాలి. తుప్పు పట్టిన బాడీని కొత్తగా చేసిస్తామని తీసుకుని, తుప్పు తీయకుండా దాని మీదే పుట్టీ పెట్టి పెయింటు కొట్టి ఇచ్చే పని మన దగ్గర జరుగుతోంది. మా బండికి అదే జరిగింది. ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయను. ఏం చేసినారో మాత్రం వివరంగా రాస్తాను. అది తెలిస్తే ఏ షెడ్డులోనైనా మీరే కనిపెట్టగలరు.

బండి మా నాయన కొన్న రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసు దగ్గర వండలూరులో తయారైన బండి. బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ ఇదే, రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును కూడా ఈ బండి అడుగునుండే ఇనుప చట్రాన్ని, అంటే ఛాసిస్‌నే కురచ చేసి కట్టినారు. బానెట్టు, ముందు మడ్‌గార్డులు అన్నీ ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. అట్లా లేపితే ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు. ఇంత తీరుగా ఆలోచించి కట్టిన బండిని ఎవరైనా ఇట్లా పాడు చేస్తే కడుపు మండుతుంది.

2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు బండి నీళ్లలో నిలబడిపోయింది. ఆ తర్వాత డోర్ల అడుగున, ఫ్లోర్ అంచుల్లో, డిక్కీ మూలల్లో తుప్పు తినేసింది. షెడ్డువాళ్లు ఎస్టిమేటులో ‘తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు వేయుట’ అని రాసిచ్చినారు. లక్షకు పైనే అడ్వాన్సు తీసుకున్నారు. బండి తిరిగి వచ్చినప్పుడు అద్దంలా మెరిసింది. ఒక్క వానాకాలం గడిచింది. డోర్ల కింద పెయింటు పొక్కులు లేచింది, గోరుతో గీకితే పెళ్లలుగా ఊడింది.

చిత్తూరులో తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన బండిని పైకెత్తి గీకి చూపించినాడు. డోరు అడుగున వేలు మందాన పుట్టీ. దాని వెనక పాత తుప్పు రేకు అట్లాగే ఉంది. దాని మీద జీఐ (జింకు పూత ఉన్న) రేకు ముక్క పరిచి, అంచుల్లో నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టి వదిలేసినారు. రెండు రేకుల నడుమ నీళ్లు నిలిచి, లోపల తుప్పు ముందుకంటే ఎక్కువగా పాకింది. ఇంకా ఘోరం, డోరు అడుగున నీళ్లు కారడానికి కంపెనీవాళ్లు పెట్టిన రంధ్రాలను కూడా పుట్టీతో పూడ్చేసినారు. అద్దం పక్కనుంచి డోరు లోపలికి దిగే వాన నీళ్లు బయటికి పోయే దారే లేదు.

అసలు దెబ్బ కింద తగిలింది. హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంటుంది. బాడీ ముక్కలు బోల్టులతో దాని మీద కూర్చుంటాయి. డోర్ల కింద పొడవుగా ఉండే సిల్ రేకులు కూడా బోల్టులే, విప్పి పక్కన పెట్టి బాగుచేసుకోవచ్చు. వీళ్లు ఆ బోల్టుల జాయింట్లన్నిటినీ కలిపి వెల్డింగ్ కొట్టేసినారు. ఇప్పుడు కోస్తే తప్ప విడిరాదు. ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చి బాడీని మోసే చేతుల మీద నల్లటి తారు కోటింగు దట్టంగా పూసినారు. మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే ఒక చోట లోపలికి దిగిపోయింది. పైకి కొత్త బండి. ఈ బండిలో నా పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగినాను.

స్పిట్‌ఫైర్ లాంటి బండి ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాని ఛాసిస్‌కు పక్క రెయిళ్లు లేవు, ఆ బలం సిల్ రేకులే ఇవ్వాలి. డోర్ల మధ్య ఆసరా రాడ్లు కట్టకుండా సిల్ కోసేస్తే బండి నడుం వంగుతుంది, తర్వాత డోర్లు సరిగ్గా పడవు. హెరాల్డ్‌కు చేసినట్టే దీనికీ చేస్తామనే మేస్త్రికి బండి ఇవ్వకండి.

షెడ్డుకు పోయి అడిగితే ‘పాత బండి సామీ, తుప్పు మళ్లా వస్తాది’ అన్నారు. ఈ మాట మీకూ చెప్తారు, నమ్మకండి. ఇనుముకు నీళ్లు, గాలి తగిలితేనే తుప్పు. ఇనుము తుప్పుగా మారితే చోటు చాలా ఎక్కువ తీసుకుంటుంది, అందుకే పైనున్న పెయింటును ఎత్తేస్తుంది. పుట్టీ నీళ్లను ఆపదు, పైగా పీల్చుకుంటుంది. వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) కొట్టి, సరిగ్గా ఆరనివ్వకుండా పెయింటు వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. తుప్పును పూర్తిగా కోసి తీసిన చోట ఒక్క వానాకాలానికే పొక్కులు రావు.

సరైన పని ఎట్లా ఉంటుందో చిత్తూరు మేస్త్రి దగ్గర నిలబడి చూస్తున్నాను. మెరిసే గట్టి ఇనుము తగిలేదాకా కోస్తాడు. 20 గేజ్ సీఆర్ (జింకు పూత లేని కోల్డ్ రోల్డ్) రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లది, కోసిన చోటికి సరిగ్గా సరిపోయేలా మలిచి అంచుకు అంచు కలుపుతాడు. సీఓ2 వెల్డింగ్‌తో ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ పెట్టి చల్లారనిస్తాడు. ఒకే చోట గీతలా కొట్టుకుంటూ పోతే వేడికి రేకు అలలు తేలుతుంది. జీఐ రేకు వద్దంటాడు. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి పొగై లేస్తుంది, అది పీలిస్తే జ్వరం వస్తుంది, అతుకూ శుభ్రంగా పడదు. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్, జాయింట్లకు సీలర్. చివర్లో బోలు భాగాల లోపలికి మైనం స్ప్రే. పుట్టీ అసలు వాడకూడదని కాదు. ఎగుడుదిగుడు సరిచేయడానికి పల్చటి పూత తప్పదు. చిల్లులు మూయడానికి వాడితేనే మోసం.

అందుకని డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. విప్పిన తర్వాత ఒక వాయిదా, పాత పెయింటు గీకి ఒట్టి రేకు చూపించినాక ఒకటి, వెల్డింగ్ అయిపోయి ప్రైమర్ పడకముందు ఇంకొకటి. ప్రతిసారీ ఫోటోలు తీసుకోండి. నల్ల కోటింగు అన్నిటికంటే చివర, మీరు అడుగుభాగం చూసిన తర్వాతే. ‘మీరు రావాల్సిన పనిలేదు, ఫోటోలు పంపిస్తాం’ అనేచోట బండి వదలకండి.

ఇట్లాంటి బండ్లే ‘ఫుల్ రీస్టోర్డ్’ అని అమ్మకానికి వస్తున్నాయి. కొనేవాళ్లు పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం వెంట తీసుకుపోండి. డోర్ల అడుగున, చక్రాల పైన అది పట్టకుండా జారితే కింద పుట్టీ ఉన్నట్టే. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు మామూలుగా 100, 150 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, వెయ్యి దాటితే బేరం ఆపేయండి. మ్యాట్లు ఎత్తండి, స్టెప్నీ తీసి కింద చెయ్యి పెట్టండి.

కాగితాల సంగతి కూడా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కాబట్టి కోతకు ముందు ప్రతి భాగం ఫోటో తీసి దాచుకోండి. ఛాసిస్ నంబరున్న రేకును షెడ్డులో వదలకుండా మీ దగ్గరే పెట్టుకోండి.

మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఎస్టిమేటు, బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు, గీకినప్పటి ఫోటోలు, ఇంకో మేస్త్రి రాసిచ్చిన రిపోర్టు జతచేయండి. నేను అవన్నీ పెట్టి ఫిర్యాదు వేసినాను.

మా బండికి ఎడమ వైపు సిల్ రేకు, ఛాసిస్ పక్క చేతులు కావాలి. చెన్నై పుదుపేటలో వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు. రెండు డోర్ల హెరాల్డ్ నుంచి విప్పినవి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. పెయింటు లేకపోయినా పర్లేదు, లేకపోతేనే మేలు.