రోబో బండికి కోడ్ డంప్ చేయాలంటే ఏ దారి మేలు?

నల్లగొండ నుంచి కనగల్ వైపు వెళ్లే దారిలో ఒక బత్తాయి తోట ఉంది. అందులో చెట్ల వరుసల మధ్య గంపలు మోసే చిన్న బండిని ఇద్దరు డిప్లొమా పిల్లలతో కలిసి తయారుచేస్తున్నాను. వెనక చక్రాలకు రెండు గేర్ మోటార్లు, వాటికి చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు, మొత్తాన్ని నడపడానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు. మొదట ఇంతే ఉండేది.

ఒక రోజు వంపు తిరిగే చోట బండి ఎక్కువగా ఊగుతోందని తోట కాక చూపించాడు. మార్చాల్సింది ఒక్క అంకె. నా లాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోయింది, పిల్లాడి లాప్‌టాప్ తెరిచాం. అదే కోడ్, అదే బోర్డు, అయినా కంపైల్ కాలేదు, అంటే బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మారలేదు. ఎల్‌ఈడీసీ సెటప్ అనే ఫంక్షనే లేదంది. ముందురోజు రాత్రి, కోడ్ రాసి ఎక్కించే ఆర్డుయినో ఐడీఈ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఉన్నాయని చూపిస్తే వాడు అన్నీ ఇన్‌స్టాల్ చేశాడు. దాంతో ఈఎస్‌పీ32 కోర్ (ఆ బోర్డు కోసం ఐడీఈ వాడే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) 2 నుంచి 3కి మారింది. 2024లో వచ్చిన 3.0 వెర్షన్‌లో, మోటార్ల వేగం నడిపే పీడబ్ల్యూఎం ఫంక్షన్లు మార్చేశారు. పాత సెటప్, అటాచ్‌పిన్ రెండూ తీసేసి ఒకే అటాచ్ ఫంక్షన్ పెట్టారు.

కంపైల్ ఆగిపోవడమే మా అదృష్టం. ఎందుకంటే పాత రైట్ ఫంక్షన్‌కు చానల్ నంబర్ ఇచ్చేవాళ్లం, కొత్తదానికి పిన్ నంబర్ ఇవ్వాలి. రెండూ అంకెలే కాబట్టి అక్కడ కంపైలర్ ఏమీ అనదు. ఎర్రర్ వచ్చిన లైన్లు మాత్రమే సరిచేసి ఈ లైను మరిచిపోతే కోడ్ ఎక్కుతుంది గానీ మోటారు కదలదు. అప్పుడు వైరింగ్ మీద అనుమానపడి సాయంత్రం దాకా వైర్లు పీకుతూ కూర్చునేవాళ్లం.

ఆ రోజు తర్వాతే ఏ దారి మేలన్నది తీరిగ్గా ఆలోచించాను. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. కోడ్‌ను దేనితో బిల్డ్ చేయాలి, అంటే ఎక్కించడానికి సిద్ధం చేయాలి? బోర్డులోకి దేనితో ఎక్కించాలి?

బిల్డ్: ఆర్డుయినో ఐడీఈ, ప్లాట్‌ఫార్మ్ఐఓ

ఆర్డుయినో ఐడీఈ మీద నాకు గౌరవం ఉంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఎల్‌ఈడీ మొదటిసారి వెలిగించింది దానితోనే. ఇన్‌స్టాల్ చేసి, బోర్డు, పోర్టు ఎంచుకుని, బాణం గుర్తు నొక్కితే చాలు. ఆర్డుయినో ఊనో బోర్డు మీద లైన్ ఫాలోయర్ (గీత వెంట నడిచే బండి) చేసే మినీ ప్రాజెక్టుకు ఇంతకు మించి అక్కర్లేదు. ఊనోలో ఉన్నదే 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. అంత చిన్న పనికి పెద్ద ఏర్పాట్లు పెడితే పిల్లల ఉత్సాహమే పోతుంది.

చిక్కు రెండో లాప్‌టాప్ దగ్గర మొదలవుతుంది. ఏ కోర్ వెర్షన్, ఏ లైబ్రరీ వెర్షన్ అన్నది ఐడీఈలో ఆ లాప్‌టాప్‌కు సంబంధించిన సంగతి, ప్రాజెక్టుతో పాటు ప్రయాణించదు. కోడ్ ఫైలు వాట్సాప్‌లో పంపితే కోడ్ ఒక్కటే వెళ్తుంది.

ప్లాట్‌ఫార్మ్ఐఓ అనే ఇంకో బిల్డ్ సాధనంలో ఇవన్నీ ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఒక చిన్న ఐఎన్ఐ ఫైలులో రాసి ఉంటాయి: బోర్డు పేరు, ప్లాట్‌ఫార్మ్ వెర్షన్, ఒక్కో లైబ్రరీ ఏ వెర్షనో. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఎవరి లాప్‌టాప్‌లో బిల్డ్ చేసినా అదే కంపైలర్, అవే లైబ్రరీలు దిగుతాయి. మా బండికి ఈఎస్‌పీ32 ఒక ఎన్విరాన్‌మెంట్‌గా (ఒక్కో బోర్డుకు వేరే సెట్టింగులు), తర్వాత చేర్చిన ఎస్‌టీఎం32 బోర్డు ఇంకొకటిగా ఒకే ప్రాజెక్టులో పెట్టుకున్నాం. ఆ రెండు బోర్డులూ మాట్లాడుకునే మెసేజ్ తీరు ఒకే హెడర్ ఫైలులో ఉంటుంది. ఒకవైపు మార్చి రెండోవైపు మరిచిపోయే బాధ తప్పింది.

వెర్షన్ అంకె రాయకుండా వదిలేస్తే మాత్రం ప్లాట్‌ఫార్మ్ఐఓ వాడీ ప్రయోజనం లేదు, కొత్త లాప్‌టాప్‌లో అప్పటికి ఉన్న కొత్తదే దిగుతుంది. కాబట్టి అంకె రాయండి, తప్పకుండా రాయండి.

దీనికీ కష్టాలున్నాయి. మొదటి బిల్డ్‌కు బోలెడంత డేటా డౌన్‌లోడ్ అవుతుంది. తోటలో ఫోన్ హాట్‌స్పాట్ మీద అది అయ్యే పని కాదు. మేం గదిలోనే ఒకసారి బిల్డ్ చేసుకుని, ప్యాకేజీలు, ప్లాట్‌ఫార్మ్‌ల ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటాం. రెండు లాప్‌టాప్‌లలోనూ విండోసే కాబట్టి అవి కాపీ చేస్తే మాకు పనిచేశాయి. ఇంకో సంగతి, ప్లాట్‌ఫార్మ్ఐఓ వాళ్ల సొంత ఈఎస్‌పీ32 ప్యాకేజీలో ఆర్డుయినో కోర్ 2.0 వరుస దగ్గరే ఆగింది. 3వ వరుస కావాలంటే పియోఆర్డుయినో అనే కమ్యూనిటీ ఫోర్క్ (ఇతరులు విడిగా నడిపే రూపం) పెట్టుకోవాలి. ఆర్డుయినో సీఎల్ఐ (కమాండ్లు టైప్ చేసి నడిపేది) వాడేవాళ్లు స్కెచ్ ప్రొఫైల్‌లో వెర్షన్లు బిగించుకోవచ్చు, అది కూడా మంచి దారే.

ఒక్కరే పనిచేస్తూ, ఒకే బోర్డు ఉంటే ఆర్డుయినో ఐడీఈ చాలు. ఇద్దరు చేయి పెట్టినా, రెండు బోర్డులున్నా, ఆరు నెలల తర్వాత మళ్లీ తెరవాల్సిన పనైనా ప్లాట్‌ఫార్మ్ఐఓనే మేలు. ఇందులో నాకు సందేహం లేదు.

ఎక్కించడం: కేబుల్, ఎస్‌టీ-లింక్, వైఫై

యూఎస్‌బీ కేబుల్‌తో మొదలుపెడదాం. అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: అది డేటా కేబులేనా? చార్జింగ్ కేబుళ్లలో కొన్నింటికి డేటా వైర్లే ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, పోర్టు కనిపించదు. తర్వాతది ఆర్డుయినో నానో నకలు బోర్డుల దగ్గర వచ్చే "నాట్ ఇన్ సింక్" ఎర్రర్. ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకుంటే చాలాసార్లు పోతుంది, ఎందుకంటే పాత బూట్‌లోడర్ (బోర్డులో ఉండి కోడ్ అందుకునే చిన్న ప్రోగ్రామ్) 57600 వేగంతో మాట్లాడుతుంది, కొత్తది 115200తో.

ఈఎస్‌పీ32 తీరు వేరు. రీసెట్ అయ్యే క్షణంలో జీపీఐఓ 0 అనే పిన్ కిందికి (గ్రౌండ్ వైపు) లాగి ఉంటేనే అది కోడ్ అందుకునే డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్తుంది. ఈ పని బోర్డే చేసుకోవాలి, కానీ కొన్ని చవక బోర్డుల్లో టైమింగ్ కుదరదు. "కనెక్టింగ్" అని చుక్కలు పడుతూ ఉంటాయి. మట్టి చేతులతో బూట్ బటన్ నొక్కి పట్టుకుని, చుక్కలు ఆగేదాకా లెక్కపెట్టుకోవడం మాకు రోజువారీ పనైపోయింది. చివరికి బోర్డును రీసెట్ చేసే ఈఎన్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి టంకం పెట్టాం. ప్లస్ కాలు ఈఎన్ వైపు. ఆ తర్వాత బటన్ ముట్టుకోలేదు. జీపీఐఓ 12 పిన్‌కు మాత్రం బూట్ సమయంలో పైకి లాగే వైరేదీ తగిలించకండి, ఫ్లాష్ వోల్టేజీని నిర్ణయించేది అదే. అది పైకి ఉంటే 3.3 వోల్టులకు బదులు 1.8 ఎంచుకుని మామూలు బోర్డు బూట్ కాకుండా ఆగిపోతుంది.

వైఫై మీద ఎక్కించడం, అంటే ఓటీఏ, చూడ్డానికి చాలా హాయి. బండి వరుస చివర ఉన్నా గట్టు మీద కూర్చునే పంపవచ్చు. ఫ్లాష్‌లో ప్రోగ్రామ్‌కు రెండు అరలుంటాయి. 4 ఎంబీ బోర్డులో మామూలు పార్టిషన్‌తో ఒక్కో అర 1.25 ఎంబీ. కొత్తది ఖాళీ అరలోకి వెళ్తుంది, పూర్తిగా చేరాకే బోర్డు అటు మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది భద్రంగా ఉంటుంది.

కానీ ఒకసారి అప్‌లోడ్ నడుస్తుండగా బండి దానంతటదే ముందుకు పోయి బత్తాయి చెట్టు పాదులో దిగబడింది. బ్రేక్ కొట్టమని అరిచాను, ఫోన్‌లో ఆపు బటన్ ఎంత నొక్కినా స్పందన లేదు. ఈఎస్‌పీ32లో ఫ్లాష్ రాసేటప్పుడు ఫ్లాష్ నుంచి నడిచే కోడ్ ఆగి ఆగి నడుస్తుంది, పైగా మా లూప్‌ను అప్‌లోడ్ పనే పట్టుకుని కూర్చుంది. పీడబ్ల్యూఎం మాత్రం హార్డ్‌వేర్ పని, అది ఆగదు. చివరిసారి ఇచ్చిన వేగంతో మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. ఓటీఏ మొదలవగానే పిలిచే ఫంక్షన్‌లో మోటార్లు ఆపే లైను మేం రాయలేదు. తప్పు పూర్తిగా మాదే.

కాక ఏమీ కోప్పడలేదు. "మనిషి ఉంటే ఎట్ల బిడ్డా?" అని ఒక్క మాట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి వారం మోటార్లు, ఎన్‌కోడర్ల పనంతా ఎస్‌టీఎం32 చిప్ ఉన్న బ్లూ పిల్ అనే బోర్డుకు అప్పగించాం, ఫోన్‌తో మాట్లాడే పని ఒక్కటే ఈఎస్‌పీ32కు మిగిల్చాం. నిర్ణీత సమయంలో ఈఎస్‌పీ32 నుంచి మెసేజ్ రాకపోతే బ్లూ పిల్ తానే మోటార్లు ఆపేస్తుంది.

బ్లూ పిల్‌కు ఎస్‌టీ-లింక్ వాడతాం, కోడ్ ఎక్కించడానికీ డీబగ్ చేయడానికీ (తప్పులు వెతకడానికీ) పనికొచ్చే చిన్న పరికరం అది. దానికీ బోర్డుకూ మధ్య కావాల్సినవి మూడు వైర్లు: ఎస్‌డబ్ల్యూడీఐఓ (డేటా), ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (క్లాక్), గ్రౌండ్. బోర్డుకు వేరే పవర్ లేనప్పుడే 3.3 వోల్టుల వైరు. జంపర్లు మార్చే పని లేదు, బటన్లు లేవు. కోడ్‌ను మధ్యలో ఆపి వేరియబుల్ విలువ చూడవచ్చు. వంపులో ఊగుడు ఎందుకో దీనితోనే తెలిసింది: కుడి ఎన్‌కోడర్ లెక్క 16 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె దాటగానే మళ్లీ సున్నాకు వస్తోంది, మేం దాన్ని పట్టించుకోలేదు. సీరియల్ మానిటర్లో ప్రింట్లు పెట్టుకుంటూ వారం వెతికినది గంటలో దొరికింది.

ఇక్కడా అదే ప్రమాదం పొంచి ఉంది. బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగాలని పెట్టిన గుర్తు) దగ్గర ప్రాసెసర్ ఆగినా పీడబ్ల్యూఎం ఇచ్చే టైమర్ ఆగదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. డీబగ్‌లో టైమర్లు కూడా ఆగేలా సెట్టింగ్ ఉంది, అది పెట్టుకున్నా సరే, బండిని ఇటుకల మీద ఎత్తిపెట్టి చక్రాలు గాలిలో ఉన్నప్పుడే డీబగ్ చేయండి. ఇంకో ఉచ్చు, ఎస్‌టీఎం32కు సెటప్ కోడ్ రాసిచ్చే క్యూబ్ఎంఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సిస్టమ్ విభాగంలో డీబగ్‌ను సీరియల్ వైర్ అని ఎంచుకోకపోతే, అది రాసిచ్చే కోడ్ ఎస్‌టీ-లింక్ వాడే డేటా, క్లాక్ పిన్లు రెండింటినీ మూసేస్తుంది. మొదటిసారి ఎక్కుతుంది, రెండోసారి బోర్డు కనబడదు. మా పిల్లవాడు బోర్డు కాలిపోయిందనుకుని చెత్తబుట్టలో వేయబోయాడు. రీసెట్ నొక్కి ఉంచి కనెక్ట్ అయ్యే మోడ్ పెడితే తిరిగి దొరికింది.

బళ్లలో చిన్నపిల్లలకు నేర్పేవాళ్లు ఇవేవీ పెట్టుకోవద్దు. మహబూబ్‌నగర్ నుంచి ఒక టీచరమ్మ అడిగితే రాస్‌ప్‌బెర్రీ పై పికో బోర్డు తీసుకోమన్నాను. బూట్‌సెల్ బటన్ నొక్కి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, కోడ్ ఉన్న యూఎఫ్2 ఫైలు అందులోకి లాగితే అయిపోయింది. ఆ బూట్ కోడ్ చిప్‌లోనే చెక్కి ఉంటుంది కాబట్టి పిల్లలు ఏం ఎక్కించినా చెరిగిపోదు.

మా బండికి ఇప్పుడు ఈ పద్ధతి: ఈఎస్‌పీ32కు తోటలో ఓటీఏ, గదిలో కేబుల్. బ్లూ పిల్‌కు ఎప్పుడూ ఎస్‌టీ-లింకే. ఓటీఏ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకిష్టం లేదు, వైఫై మొదలవకముందే క్రాష్ అయ్యే కోడ్ పంపితే కేబుల్ తప్ప దిక్కు ఉండదు. ఎస్‌టీ-లింక్‌లు రెండు కొన్నాం. ఒకటి పోతే మళ్లీ వంద కిలోమీటర్లు వెళ్లి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కోవాలి. రెండోది పెన్‌డ్రైవ్‌తో పాటు పనిముట్ల పెట్టె మూత లోపల టేపుతో అంటించి ఉంది. దాని పక్కనే నాలుగు ఇటుకలు, చక్రాలు ఎత్తడానికి.