లేవార్డెన్‌లో మరియా లూయీజ్ కోసం: ఏం చూడాలి, ఏం వదిలేయొచ్చు

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ రాష్ట్ర రాజధాని లేవార్డెన్‌కి రైల్లో సుమారు రెండున్నర గంటలు. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకి నడిచిపోవచ్చు, బస్సు అక్కర్లేదు. మేం వెళ్లింది ముఖ్యంగా మరియా లూయీజ్ కోసమే, ఒకప్పుడు కొడుకు తరఫునా, మనవడి తరఫునా ఇక్కడ పాలించిన రాణివాసపు మనిషి.

1688లో జర్మనీలోని కాసెల్‌లో పుట్టి, 1709లో ఫ్రీస్‌లాండ్ స్టాట్‌హౌడర్ యోహాన్ విల్లెమ్ ఫ్రీసోని పెళ్లాడి ఈ ఊరి కోడలైంది. స్టాట్‌హౌడర్ అంటే కిరీటం లేని పాలకుడు. 1711 జూలైలో మూర్‌డైక్ దగ్గర ఏరు దాటుతుంటే పడవ బోల్తాపడి ఆయన మునిగిపోయాడు. ఆమెకి 23 ఏళ్లు, కడుపుతో ఉంది. ఏడు వారాలకు కొడుకు పుట్టాడు. వాడు పెద్దయ్యేదాకా, 1731 వరకూ, రాజ్యం ఆమే నడిపింది. ఇక విశ్రాంతే అనుకుంటే కొడుకు పోయాడు, 1759లో కోడలూ పోయింది. డెబ్బై ఏళ్ల వయసులో మనవడి తరఫున మళ్లీ పగ్గాలు పట్టి, 1765లో కన్నుమూసేదాకా వదల్లేదు. ఊరివాళ్లకి మాత్రం ఆమె ‘మరైకె మ్యూ’, అంటే మేరీ పిన్ని.

అన్నిట్లోకీ ప్రిన్సెస్సెహోఫ్‌కే నా ఓటు. 1731లో ఆమె కొనుక్కున్న ఇల్లు ఇది, ఇప్పుడు పింగాణీ మ్యూజియం. ‘నస్సావు గది’ అనే ఆమె భోజనశాల ఇంకా ఉంది. నీలం-తెలుపు చైనా పళ్లేల ముందు నిలబడితే అధికారం దిగిన మనిషి ఏం కోరుకుందో అర్థమవుతుంది. డచ్ మ్యూజియాలకి పనికొచ్చే మ్యూజియం కార్డు (మ్యూజియంకార్ట్) చెల్లుతుంది, సోమవారం మాత్రం సెలవు. చిత్రకారుడు ఎషర్ పుట్టిందీ ఈ ఆవరణలోనే.

యాకోబైనర్ చర్చి కొంత నిరాశే. ఆమె భర్తది నస్సావు వంశం; ఆ వంశం సమాధులు అక్కడే ఉన్నా, స్టాట్‌హౌడర్ల పాలన కూలిన 1795 విప్లవంలో వాటిని పగలగొట్టారు. నారింజ చెట్టు బొమ్మ ఉన్న చిన్న ద్వారం మాత్రం తప్పక చూడండి. చర్చి తెరిచే వేళలు ముందే కనుక్కోండి. స్టాట్‌హౌడర్ల పాత నివాసాన్ని బయటి నుంచి చూస్తే చాలు.

బస కాలువ పక్కన ఓ చిన్న లాడ్జిలో. గది శుభ్రం, అద్దె ఫర్వాలేదు. కానీ లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు కింది అంతస్తు గదే అడగండి. శాకాహారులకి పొద్దున బ్రెడ్డూ చీజే దిక్కు, అందుకే బేకరీలో ఫ్రీస్‌లాండ్ చక్కెర బ్రెడ్ కొన్నాం. దాల్చినచెక్క వాసన, మధ్యలో పంటికింద పటుక్కుమనే చక్కెర పలుకులు. తిరుగు రైలెక్కేదాకా అదే మా భోజనం.