డాబా మీద ఈఎస్‌పీ32: హాట్‌స్పాటూ తానే, రౌటర్‌కు క్లయింటూ తానే

మా డాబా మీద ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో వంటింట్లో ఉన్నవారికి ఫోన్‌లో కనిపించాలన్నది ఇంట్లోవారి కోరిక. రౌటర్ ఆగిపోయిన వేళ పైకెక్కిన మా నాన్నగారికో ప్లంబర్‌కో కూడా, ట్యాంకు మూత తీయకుండానే అదే అంకె తెలియాలన్నది నా పట్టుదల. ఈ రెండింటికీ కలిపి నేను కొన్నది నాలుగైదు వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డు, అంటే మనం రాసిన ప్రోగ్రామును నడిపే వైఫై చిప్ ఉన్న చిన్న పలక. ఇంటి రౌటర్‌కు క్లయింటుగా (ఫోన్‌లాగే దానితో కలిసే పరికరంగా) ఉంటూనే సొంత హాట్‌స్పాట్ నడపడం దానికి చేతనవును కాబట్టే దాన్ని ఎంచుకున్నాను. ఏడాదిగా వాడుతున్న మీదట, ఆ ఒక్క పనిలో అది ఎంతవరకు నమ్మదగినదో చెప్పడానికే ఈ సమీక్ష.

ఈ చిప్‌ను షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో విడుదల చేసింది. 240 మెగాహెర్ట్జ్ వరకు నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి; నా బోర్డు మీది మాడ్యూల్‌లో 4 మెగాబైట్ల ఫ్లాష్ ఉంది. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కే పరిమితం చేసుకున్నవారి ఇంట్లో ఇది క్లయింటుగా పనికిరాదు.

మొదలుపెట్టడం చాలా తేలిక. ఆర్డుయినోలో (ఇలాంటి బోర్డులకు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌లో) రెండు పాత్రలూ కలిసిన మోడ్‌ను ఎంచుకుని, హాట్‌స్పాట్ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, తరువాత రౌటర్ వివరాలు ఇస్తే పది వరుసల లోపే పని పూర్తవుతుంది. బోర్డుకు అప్పుడు రెండు చిరునామాలు ఉంటాయి: హాట్‌స్పాట్ వైపు 192.168.4.1, ఇంటి వైపు రౌటర్ కేటాయించినది. వెబ్ సర్వర్ ఒకటే అయినా రెండు వైపుల నుంచి వచ్చినవారికీ అదే పేజీ చూపిస్తుంది. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదన్న సంగతి మరచి నేను ఆరంకెలు ఇచ్చాను, హాట్‌స్పాట్ లేవలేదు. ఫంక్షన్ విఫలమైందని చెబుతూనే ఉన్నా, ఆ జవాబును చూసుకోకుండా ఒక సాయంత్రమంతా యాంటెనాను అనుమానిస్తూ కూర్చున్నాను.

అసలు విషయం రేడియో దగ్గర ఉంది. పాత్రలు రెండైనా బోర్డులో ఉన్న రేడియో ఒక్కటే. అది ఒక సమయంలో ఒక ఛానెల్ (వైఫై తరంగాల్లో అంకె వేసిన ఒక పట్టీ) మీదే ఉండగలదు. అందువల్ల మనం హాట్‌స్పాట్‌కు ఏ ఛానెల్ అడిగినా, క్లయింటు వైపు రౌటర్‌తో కలిసిన మరుక్షణం రౌటర్ ఛానెలే చెల్లుతుంది. నేను 1 అని రాసి పెట్టాను, రౌటర్ 11 మీద ఉంది, బోర్డు మారుమాట లేకుండా 11కు వెళ్లిపోయింది. వెళ్లే ముందు హాట్‌స్పాట్‌లో ఉన్న ఫోన్లకు ఛానెల్ మారుతున్నట్టు కబురు పంపుతుంది కానీ, ఆ కబురు అర్థం చేసుకున్న ఫోను వెంట వస్తుంది, అర్థం కానిది తెగిపోతుంది. రౌటర్‌ను ఆటో ఛానెల్‌లో ఉంచితే ఈ వలస ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతుంది కాబట్టి, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఛానెల్‌ను 6 దగ్గర స్థిరపరిచాను. ఆ తరువాత, రౌటర్ వెలుగుతున్నంతకాలం, ఈ బోర్డు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేకపోయింది.

చిక్కు వచ్చింది కరెంటు పోయినప్పుడు. మా ఇంట్లో బోర్డుకు కరెంటు అందే మెట్ల గది ఇన్వర్టర్ లైన్‌లో ఉంది, హాల్లో రౌటర్ పెట్టిన ప్లగ్గు లేదు. అంటే రౌటర్ ఆరిపోతుంది, బోర్డు మాత్రం బతికే ఉంటుంది. హాట్‌స్పాట్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే. అప్పుడే అది మొండికేసింది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరు కనిపిస్తుంది, కలుస్తుంది, పేజీ సగం తెరుచుకుంటుంది, తెగిపోతుంది. ల్యాప్‌టాప్ తీసుకుని మెట్ల మీద కూర్చుని సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సందేశాలు కనిపించే కిటికీ) చూస్తే కారణం తెలిసింది: దూరమైన రౌటర్ కోసం బోర్డు ఆపకుండా వెతుకుతోంది. ఒక్కో ఛానెల్ మీద సెకనులో పదో వంతు ఆగినా, పదమూడు ఛానెళ్లూ తిరిగి వచ్చేసరికి సెకను దాటిపోతుంది. అంతసేపూ హాట్‌స్పాట్‌లో ఉన్న ఫోన్‌కు జవాబిచ్చే దిక్కు లేదు. పెళ్లివారిని పందిట్లో కూర్చోబెట్టి, వంటవాణ్ని వెతకడానికి ఊరంతా తిరిగే ఇంటి యజమానిలా ఉంది దాని వ్యవహారం.

దీన్ని బోర్డు లోపమని కొట్టిపారేయలేను, ఎందుకంటే మందు కోడ్‌లోనే ఉంది. తనంతట తాను తిరిగి కలిసే సదుపాయాన్ని ఆపివేసి, ఐదు నిమిషాలకు ఒకసారి మాత్రమే రౌటర్‌ను పిలిచేలా రాశాను. అది కూడా హాట్‌స్పాట్‌లో ఒక్క ఫోను కూడా లేనప్పుడే. రౌటర్ ఛానెల్ ఎలాగూ స్థిరంగా ఉంది కనుక ఆ అంకెను కూడా ముందే ఇచ్చి వెతుకులాటను కుదించాను. అప్పటి నుంచి కరెంటు పోయినా పేజీ నిలకడగా నిలబడుతోంది. ఉదాహరణ ప్రోగ్రాములను ఉన్నవున్నట్టు ఎక్కించుకున్నవారికి మాత్రం ఈ తెగుడు తప్పదు.

ఫోన్ల సంగతి వేరే తలనొప్పి. ఈ హాట్‌స్పాట్‌లో ఇంటర్నెట్ లేదని ఆండ్రాయిడ్ పసిగట్టి మొబైల్ డేటాకు మళ్లుతుంది. వైఫైలో ఉన్నట్టే కనిపిస్తుంది, 192.168.4.1 మాత్రం తెరుచుకోదు. మొబైల్ డేటా ఆపమని మా నాన్నగారికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే ఓపిక లేక, అదే మాటను కాగితం మీద రాసి బోర్డు ఉన్న డబ్బా మూతకు అంటించాను.

రౌటర్ నుంచి ఇంటర్నెట్ తీసుకుని హాట్‌స్పాట్‌లో ఉన్నవారికి ఇది పంచుతుందని కొందరు ఆశపడతారు. మామూలుగా పంచదు, చిరునామాల మార్పిడి సదుపాయాన్ని విడిగా తెరవాలి. తెరిచినా ప్రతి ప్యాకెట్టూ అదే రేడియో మీద వచ్చి, అదే రేడియో మీద పోవాలి కనుక వేగం సగానికి పడిపోతుంది. రిపీటర్ కావలసినవారు రిపీటరే కొనుక్కోవడం మేలు.

పిన్నుల దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ట్యాంకు సెన్సర్‌తో పాటు ఒక పూలకుండీలో మట్టి తేమ సెన్సర్ కూడా పెట్టి, దాన్ని 25వ పిన్నుకు కలిపాను. వైఫై మొదలవగానే రీడింగులు రాలేదు. ఆ పిన్ను రెండో ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) చెందినది, వైఫై నడుస్తున్నప్పుడు ఆ ఏడీసీని వాడుకోలేము. 34కు మార్చగానే సరిపోయింది. కరెంటు విషయంలోనూ పిసినారితనం పనికిరాదు: 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సప్లై ఉండాలి, పాత ఛార్జరూ సన్నటి కేబులూ వాడితే రేడియో పలికినప్పుడల్లా వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. హాట్‌స్పాట్ నడుపుతున్నంతసేపూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని చాటుకుంటూ ఉండాలి కాబట్టి రేడియో నిద్రపోదు. చిన్న బ్యాటరీతో నెలలు గడపాలనుకునేవారికి ఈ మోడ్ కుదరదు.

మోటారు స్టార్టర్ దగ్గర పెట్టడానికి ఇదే బోర్డు ఇంకొకటి తెప్పించాను. దాన్ని క్లయింటుగా మాత్రమే నడుపుతున్నాను. అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడేవారెవరూ లేరు.