వెనక మూత లేని స్పీకర్లు: నాలుగేళ్లు విన్నాక

ముందే చెప్పేస్తున్నా. ఓపెన్ బ్యాఫిల్, అంటే పెట్టె లేకుండా ఒట్టి పలకకు బిగించే స్పీకర్లకు డబ్బు పెద్దగా పట్టదు, చోటు మాత్రం దండిగా కావాలి. గోడకు మూడడుగుల ఎడంగా, నడిచే దారిలో, నడుం దాటే ఎత్తున రెండు ప్లైవుడ్ పలకలు ఏళ్ల తరబడి నిలబడి ఉంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా? ఆ మాట తేల్చుకున్నాకే డ్రైవర్ల (స్పీకర్లో కోన్, మాగ్నెట్ ఉండి మోగే భాగాల) ధరలు వాకబు చేయండి. మాది హైదరాబాద్‌లో ఓ పాత అపార్ట్‌మెంట్. హాలు 12 అడుగుల వెడల్పు, 19 అడుగుల పొడవు. ఆ పొడవు ఉండబట్టి సరిపోయింది. నాలుగేళ్లు దాటింది, పాటలకైనా సినిమాలకైనా మా ఇంట్లో ఇవే.

మామూలు స్పీకర్లో డ్రైవర్ని పెట్టెలో బిగిస్తారు. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే సమయంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేస్ మిగలదు. వెనక శబ్దాన్ని ఆపడానికే ఆ పెట్టె. కానీ ఆపిన శబ్దం ఊరికే కూర్చోదు. పెట్టె గోడల్ని వణికిస్తుంది, లోపలే తిరిగి తిరిగి పల్చటి పేపర్ కోన్ గుండా మళ్లీ బయటికొస్తుంది. ఓపెన్ బ్యాఫిల్‌కు పెట్టే లేదు. ఒట్టి పలక, దానికో కన్నం, కన్నంలో డ్రైవర్. వెనక శబ్దం వెనక్కే పోతుంది, పక్కలకు వచ్చేసరికి రెండూ రద్దయిపోతాయి. పైనుంచి చూస్తే శబ్దం 8 అంకె ఆకారంలో వ్యాపిస్తుందన్నమాట.

ఇదేమీ కొత్త సంగతి కాదు. పాత వాల్వ్ రేడియో వెనక చిల్లుల అట్ట ఊడదీసి చూసినవాళ్లకు తెలుసు, అది ఓపెన్ బ్యాఫిలే. వాల్వుల వేడి బయటికి పోవాలి, పూర్తిగా మూయడానికి వీల్లేదు. 1957లో క్వాడ్ కంపెనీ తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరూ (కోన్ బదులు పల్చటి పొర కదిలే రకం) రెండు వైపులా మోగేదే. ఇంట్లో చేసుకునేవాళ్ల దాకా దీన్ని లెక్కలతో సహా తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ అనే ఇంజనీరు గురించి. లింక్‌విట్జ్-రైలీ క్రాసోవర్‌లో (శబ్దాన్ని కింది, పై భాగాలుగా విడదీసి వేర్వేరు డ్రైవర్లకు పంపే ఏర్పాటులో) మొదటి పేరు ఆయనదే. 2018లో పోయారు.

ఇక డ్రైవర్లు. కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్ అడిగితే దుకాణదారు మొదట చేసే పని దాన్ని తిరగేసి మాగ్నెట్ చూపించడం. "పట్టుకు చూడండి సార్, ఎంత బరువుందో!" పెట్టె కట్టేవాళ్లకు ఆ మాట చాలావరకు సబబే. మనకు లెక్క తిరగబడుతుంది. క్యూటీఎస్ అని ఓ అంకె ఉంది, డ్రైవర్ తన సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత అదుపులో ఉంటుందో చెబుతుంది. పెద్ద మాగ్నెట్ కోన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి 0.3, 0.4 అలా వస్తుంది. అలాంటిదాన్ని ఒట్టి పలకకు బిగిస్తే బేస్ చాలా పైనుంచే పలచబడిపోతుంది. మనకు 0.7, ఆపైన కావాలి. ఈ పనికి పేరుపడ్డ, అమెరికా కంపెనీ ఎమినెన్స్ వారి ఆల్ఫా 15ఏ డ్రైవర్‌కి క్యూటీఎస్ 1.26. దాన్ని తెప్పించుకుంటే నా బడ్జెట్ అక్కడికక్కడే అయిపోయేది.

అందుకని ఇక్కడి సరుకులోనే వెతికాను. 15 అంగుళాల ఊఫర్ (బేస్ మోగించే డ్రైవర్), చిన్న మాగ్నెట్, అంచుకు ఫోమ్ కాకుండా మడతల గుడ్డ. "ఇది మైక్‌సెట్ వాళ్లు కూడా తీసుకోవట్లేదు సార్" అన్నాడు షాపతను, నా మీద జాలితో. స్పెసిఫికేషన్ల కాగితం లేదు. లాప్‌టాప్, 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంపెడెన్స్ గీత (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చూపేది) మనమే గీసుకోవచ్చు. దాన్నుంచి సహజ ఫ్రీక్వెన్సీ, క్యూటీఎస్ రెండూ వస్తాయి. నా జతకు 44 హెర్ట్జ్, 0.9 దగ్గర్లో వచ్చాయి. పెట్టె కొలతలకు కావాల్సిన వీఏఎస్ జోలికి పోనక్కర్లేదు, పెట్టే లేదుగా! మడతల గుడ్డ అంచు విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫోమ్ అంచులు మన ఎండలకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతాయి. నావి ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి.

పై భాగానికి 8 అంగుళాల ఫుల్ రేంజ్, అంటే గొంతు నుంచి పై స్వరాల దాకా తానే పలికించే డ్రైవర్, మధ్యలో చిన్న రెండో కోన్ ఉన్న రకం. పై స్వరాలకు విడిగా ట్వీటర్ పెట్టలేదు.

ఖర్చు ఇలా తేలింది. ఊఫర్ల జత 6 వేలు, ఫుల్ రేంజ్ జత 5 వేలు, 19 ఎంఎం బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ షీటు ఒకటి మూడున్నర వేలు, వడ్రంగి కూలి రెండున్నర. టీపీఏ3116 చిప్ ఉన్న ఆంప్లిఫయర్ (ఆంప్) బోర్డులు రెండు, వాటికి కరెంటిచ్చే 24 వోల్టుల ఎస్ఎంపీఎస్, శబ్దాన్ని డిజిటల్‌గా విడదీసి, పెంచి తగ్గించే డీఎస్పీ బోర్డు, వైర్లు, బోల్టులు కలిపి ఇంకో 6 వేలు. మొత్తం 23 వేల చిల్లర. కొలిచే మైకు మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్నాను, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. చేతి శ్రమ కూడా తీసుకోలేదు.

పలక 20 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు. ఇరుపక్కలా 7 అంగుళాల రెక్కలు వెనక్కి. ఇవి పలకను నిలబెడతాయి, వెనక శబ్దం చుట్టూ తిరిగి ముందుకు రావాల్సిన దూరాన్నీ పెంచుతాయి. ఊఫర్ నేలకు వీలైనంత దగ్గరగా, ఫుల్ రేంజ్ 36 అంగుళాల ఎత్తున, అంటే సోఫాలో కూర్చుంటే చెవి దగ్గరగా. దాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా రెండు అంగుళాలు పక్కకు జరిపించాను. అంచులు రెండూ సమాన దూరంలో ఉంటే వాటి ప్రభావమంతా ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర పోగుపడి గుంట పడుతుంది. వడ్రంగి జిగ్‌సాతో కన్నాలు కోశాక, ఫుల్ రేంజ్ కన్నానికి వెనక వైపు 45 డిగ్రీల వాలు తీయమన్నాను. "వెనకాల ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. చూడ్డానికి కాదు. 19 ఎంఎం మందం ఉన్న కన్నం చిన్న డ్రైవర్ వెనక గొట్టంలా పనిచేస్తుంది, గొంతు కాస్త బొంగురుపోతుంది. వాలు తీసిన పలకనూ తీయనిదాన్నీ పక్కపక్కన పెట్టి మోనో పాట వింటే తేడా ఇట్టే తెలుస్తుంది. అరగంట పని, మానకండి. డ్రైవర్లకు స్క్రూలు కాకుండా టీ-నట్లు, బోల్టులు వాడండి. ఊఫర్ అదురుకు చెక్క స్క్రూలు వదులైపోతాయి.

ఊఫర్‌కూ ఫుల్ రేంజ్‌కూ విడివిడి ఆంప్లు, మధ్యలో డీఎస్పీ. 200 హెర్ట్జ్ దగ్గర విభజన, దాని కింద ఊఫర్, పైన ఫుల్ రేంజ్. ఇంత కింద కాయిల్, కెపాసిటర్‌లతో క్రాసోవర్ కట్టాలంటే ఆ రాగి తీగ ఖర్చుకే రెండు డీఎస్పీ బోర్డులు వస్తాయి. అసలు పని బేస్‌ను పైకి లాగడం. నా పలక మీద 150 హెర్ట్జ్ దగ్గర జారుడు మొదలై ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్ చొప్పున పడుతుంది. అంటే 40 హెర్ట్జ్‌కు వచ్చేసరికి పదకొండు డెసిబెల్ పైగా లోటు. ఎక్కువ క్యూటీఎస్ కొంత పూడుస్తుంది, మిగతాది డీఎస్పీలో పెంచాలి. ఊరికే రాదు. 6 డెసిబెల్ పెంచితే కోన్ కదలిక రెట్టింపు, పవర్ నాలుగు రెట్లు. అందుకే 35 హెర్ట్జ్ కింద అంతా కోసేశాను. చవక డీఎస్పీ బోర్డు సన్నగా బుస కొడుతుంది. పాట లేనప్పుడు రెండడుగుల దగ్గర చెవి పెడితే వినిపిస్తుంది, సోఫాలో వినపడదు. రాత్రి నిశ్శబ్దంలో వీణ వినే అలవాటున్నవాళ్లు ఇంకో రెండు వేలు పెట్టి మంచి బోర్డు తీసుకోండి.

ఇంత చేసినా, గోడకు దగ్గరగా పెడితే అంతా వృథా. వెనక్కి వెళ్లిన శబ్దం గోడకు తగిలి తిరిగొస్తుంది. మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్ల చొప్పున లెక్కేస్తే, పలక గోడకు అడుగు దూరంలో ఉంటే రెండు మిల్లీసెకన్లలోపే ముందు శబ్దంలో కలిసిపోతుంది. గొంతు మసకబారుతుంది, పాడే మనిషి ఎక్కడున్నాడో తెలియదు. మీటరు దూరానికి లాగితే ఆలస్యం ఆరు మిల్లీసెకన్ల దాకా వెళుతుంది. చెవి దాన్ని వేరే శబ్దంగా, గది ప్రతిధ్వనిగా తీసుకుంటుంది. గొంతు స్పీకర్ని వదిలి వెనక్కి వెళ్లి నిలబడుతుంది. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ గోడకు నెట్టరు. మా ఇంట్లో రాజీ ఏమిటంటే, మామూలు రోజుల్లో పలకలు గోడ దగ్గరే ఉంటాయి, కింద నేల మీద టేపుతో గుర్తులు. వినేటప్పుడు గుర్తుల దాకా లాక్కోవడం. పెట్టె లేదు గనక ఒక్క చేత్తో జరుగుతాయి.

ఇక వినికిడి. కర్ణాటక కచేరీలకు ఇంతకన్నా నాకు అక్కర్లేదు. వయొలిన్ మీద కమాను తీగను పట్టుకునే చోట ఆ సన్నటి గరగర, తంబురా జీవాళి, పాడేవాళ్లు చరణం మధ్య పీల్చే ఊపిరి, ఇవన్నీ పెట్టె స్పీకర్లలోనూ ఉంటాయి కానీ ఇక్కడ వాటి చుట్టూ ఖాళీ ఉంటుంది. మృదంగం దగ్గర తేడా ఇంకా స్పష్టం. తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద అరచేయి జారించి తీసే గుంకి చాలా చవక స్పీకర్లలో "బుం" అని ఒకే స్వరంగా మోగుతుంది. ఇందులో ఆ స్వరం కింద నుంచి పైకి వంగడం వినిపిస్తుంది. దీనికో కారణముంది. పక్కలకు శబ్దం పోదు కాబట్టి అడ్డంగా గది బేస్‌కు గుయ్యిమనడం తగ్గుతుంది. ఎదురుగా అంతే గట్టిగా వినిపిస్తూ, గదిలోకి మొత్తంగా వదిలే శక్తి మామూలు స్పీకర్ వదిలేదాంట్లో మూడో వంతే. కింది ఫ్లాటువాళ్లు కంప్లయింట్ చేయకపోవడానికీ కొంత ఇదే కారణం అనుకుంటాను.

పాత మోనో సినిమా పాటలు మరీ బాగుంటాయి. 50ల నాటి రికార్డింగుల్లో కింద బేసూ లేదు, పైన తళుకూ లేదు. ఉన్నదంతా మధ్యలోనే, ఈ 8 అంగుళాల కోన్ బలమూ అక్కడే. కానీ ఆ చిన్న రెండో కోన్ వల్ల కొన్ని ఆడగొంతులు పై స్థాయిలో కాస్త గీరుకుంటాయి. డీఎస్పీలో 4 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్ తగ్గించాక సర్దుకుంది, పూర్తిగా పోలేదు. ట్వీటర్ కలపమని మిత్రులు పోరుతున్నారు. గొంతంతా ఒకే కోన్ నుంచి రావడం నాకు ముఖ్యం, కలపను.

తీన్‌మార్ పెట్టి బోనాల హుషారు తెద్దామంటే మాత్రం ఇవి చేతులెత్తేస్తాయి. పెట్టె స్పీకర్‌కు ఒక ఆక్టేవ్ కిందికి అదే శబ్దం కావాలంటే కోన్ నాలుగు రెట్లు కదలాలి, ఓపెన్ బ్యాఫిల్‌కు ఎనిమిది రెట్లు. వాల్యూమ్ ఓ హద్దు దాటితే ఊఫర్ టపటపమంటుంది. ఇప్పటి సినిమాల్లో నేల కంపించే సన్నివేశాలూ అంతే, శబ్దం వస్తుంది కానీ ఒంటికి తగలదు. అదే కావాలనుకునేవాళ్లు ఈ 23 వేలు పెట్టి మంచి రెడీమేడ్ జత కొనుక్కోవడం మేలు. గది పొడవు 14 అడుగుల లోపు ఉన్నా నా సలహా అదే.

ఇంట్లో రోజూ ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. వెనక తెరిచి ఉంటుంది కాబట్టి దుమ్ము, సాలెగూళ్లు, వెచ్చగా ఉందని ఆంప్ బోర్డు పక్కన చేరే బల్లి. కిటికీలకు కొట్టే నైలాన్ దోమతెర కొనుక్కొచ్చి రెక్కల మధ్య బిగించాను. శబ్దానికి అడ్డు రాదు, పిల్లల వేళ్లు కూడా లోపలికి పోవు. తడిగుడ్డతో ఇల్లు తుడిచినప్పుడల్లా ప్లైవుడ్ అడుగు అంచు నీళ్లు పీలుస్తుంది, అందుకని కింద రబ్బరు బుష్‌లు వేసి ముప్పావు అంగుళం లేపాను. చుట్టాలకైతే ఇది ఎప్పటికీ సగం పనే. మా మామగారు వచ్చినప్పుడల్లా చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "అల్లుడుగారూ, వెనక మూత ఎప్పుడు వేయిస్తారు?" అంటారు. మూడోసారి అడిగినప్పుడు ఆయన చేతికి రిమోట్ ఇచ్చి నాదస్వరం పెట్టాను. అరగంట విని, "మూత వేయిస్తే ఇంకా బాగుంటుందేమో" అన్నారు.

అమ్ముదామంటే ఈ పలకలకు కొనేవాడు దొరకడు. డ్రైవర్లు ఊడదీసి విడిగా అమ్ముకుంటే సగం ధర రావచ్చు, ఆంప్ బోర్డులు ఇంకో పనికొస్తాయి, ప్లైవుడ్ చెప్పుల స్టాండ్‌కు.